రెండో సాక్షి

"ఒక్క సంతకమే కదా, వచ్చి పెట్టిపో! నీ కాయా ఎక్కడికీ పారిపోదులే," అని కోక్ లియోంగ్ వంటింటి ముందున్న కాఫీ షాపులోంచి కేకేశాడు.

పారిపోదు, నిజమే. విరిగిపోతుంది. కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర పొయ్యి మీద పెట్టాక గరిటె తిప్పడం ఆపితే ఆ కాయా జాము ముద్దలు కట్టేస్తుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా దాన్ని రొట్టెకి రాయలేడు. ఈ సంగతి ఆ ఇంట్లో సూక్ హాన్‌కి తప్ప ఎవరికీ పట్టదు. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారు గరిటె చేతికిచ్చి "చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా" అని వెళ్లింది. ఆ "ఇప్పుడే" ఇంకా అవలేదు. ఈపో ఊళ్లో పొద్దున్నే కాఫీకి వచ్చేవాళ్లు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని ఆహా అంటారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆమె మొగుడు కోక్ లియోంగ్ "అంతా మా అమ్మ చేతి రుచి" అంటాడు. మొదట్లో ఆ మాటకి సూక్ హాన్‌కి ఒళ్లు మండేది. పోనుపోనూ మండటానికి కూడా తీరిక లేకపోయింది.

ఇవాళ్టి హడావుడంతా విల్లు గురించి. మొన్న కళ్లు తిరిగి పడిపోయి ఆస్పత్రిలో పడుకోవాల్సి వచ్చేసరికి అత్తగారికి గుండె బెదిరింది. కూతురు పూయ్ యీ కౌలాలంపూర్ నుంచి కాగితాలు టైపు చేయించి తెచ్చింది. అవి చెల్లాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. వాళ్లిద్దరి కళ్లముందూ అత్తగారు సంతకం చేయాలి, ఆమె కళ్లముందు వాళ్లు చేయాలి. మొదటి సాక్షి తేలిగ్గానే దొరికాడు. రోజూ వచ్చి ఒక్క కాఫీతో పేపరంతా నమిలేసే ఫూంగ్ మాస్టారు సరేనన్నాడు. రెండో సాక్షి దగ్గరే చిక్కొచ్చి పడింది. పక్కనున్న బట్టల షాపాయన "కొత్త సంవత్సరం సంబరం ఇంకా అయిపోనేలేదు, చావు కాగితం మీద నా పేరా? నా వ్యాపారం ఏం కాను!" అంటూ గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. ఎదురుగా మందుల షాపావిడ "మా కోడలు నీళ్లోసుకుంది, ఇలాంటివి మేం తాకకూడదు తల్లీ" అని తప్పుకుంది. అత్తగారు తనకే కీడూ తగలకుండా శుభమైన ఎర్ర జాకెట్టు తొడుక్కుని మరీ కూర్చుంది. ఆ బల్ల చుట్టూ చావు అన్న మాట ఎవరూ అనడం లేదు, "ఆ రోజు" అంటున్నారు. ఊళ్లో ఎవరికీ అంటకూడని అపశకునం తిరిగి తిరిగి వంటింటి వైపుకొచ్చింది. కోడలికి అంటితే ఏమవుతుంది, ఇంట్లో మనిషేగా!

సూక్ హాన్ పొయ్యి ఆపి, గిన్నె కిందికి దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పూయ్ యీ కాగితం మీద పేపరు అడ్డంగా పరిచి, అడుగున ఖాళీ గీత మాత్రం కనిపించేలా ఉంచింది.

"ఇక్కడ వదినా. లోపల ఏముందో సాక్షికి తెలియక్కర్లేదట. ముందు అమ్మ పెడుతుంది, తర్వాత మాస్టారు, తర్వాత నువ్వు. అయిపోతుంది."

"తొందరగా కానీ. అవతల మూడో బల్లకి రొట్టె వెళ్లలేదు," అన్నాడు కోక్ లియోంగ్.

అత్తగారూ మాస్టారూ పెట్టేశాక తనూ కలం చేతిలోకి తీసుకుంది గానీ, గీత మీదికి చెయ్యి వెళ్లలేదు. పోయిన నెల కోక్ లియోంగ్ ఎవరో పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి గోడలు కొలుచుకున్నాడు, పాత నేల పలకలు చూసి మురిసిపోయాడు, వంటింట్లోకి తొంగిచూసి "ముందు ఇది పడగొట్టేయాలి" అన్నాడు. అతనికి కాఫీ పెట్టి ఇచ్చింది కూడా సూక్ హానే. ఆయన వెళ్లాక "అమ్మేస్తారా?" అని అడిగితే, "నా పేరు మీదికి రానీ, అప్పుడు చూద్దాం. ఎన్నాళ్లు ఈ గాడిద చాకిరీ?" అన్నాడు మొగుడు. చాకిరీ ఎవరిదో ఆమె అడగలేదు. ఆ రాత్రి నుంచీ మాత్రం ఆమెకి భయం పట్టుకుంది. పొయ్యి పోతే తనేమిటి? ఈ వయసులో ఇంకొకరి వంటింట్లో గిన్నెలు తోముకోవాలా? ఇన్నేళ్ల పనికి తనదని చూపించుకోవడానికి చేతి మీద కాలిన మచ్చలు తప్ప ఏమీ లేవు.

"అత్తయ్యా," అంది. "ఇందులో నా పేరుందా?"

ఫూంగ్ మాస్టారు గబగబా కాఫీ కప్పులోకి తల దూర్చాడు.

"సిగ్గులేదూ!" కోక్ లియోంగ్ మొహం కందగడ్డయింది. "మనిషి ఎదురుగా కూర్చునుండగానే పంపకాల గురించి అడుగుతావా? ఏం ఆశ ఇది?"

"ఆశే. ఉంటే ఉందనీ, లేకపోతే లేదనీ చెప్పండి," అంది సూక్ హాన్. తన గొంతు అంత మామూలుగా పలకడం ఆమెకే వింతగా ఉంది.

అత్తగారు విసుక్కుంది. "నీ పేరెందుకే ఇందులో? షాపు వాడికి రాశాను, మిగిలింది పూయ్ యీకి. వాడిదంటే నీది కాదూ?"

వాడిదంటే నీది కాదూ! జీతంలా చేతికేమైనా ఇవ్వమన్నప్పుడూ ఇదే మాట. బ్యాంకులో తన పేరున ఖాతా కావాలన్నప్పుడూ ఇదే మాట. చివరికి వంటింట్లో ఫ్యాను పెట్టించమంటే, "షాపులో వాడి నెత్తి మీద తిరుగుతోందిగా, వాడికి గాలొస్తే నీకొచ్చినట్టే" అని నవ్వారు. ఎవరిమీదైనా కోపం వస్తే అరవొచ్చు. ఈ మాట మీద ఎవరు అరుస్తారు? విన్నవాళ్లకి ప్రేమలాగే వినిపిస్తుంది. సూక్ హాన్‌కి ఏడుపు రాలేదు. పేరు లేదన్న సంగతి ఎప్పుడో తెలిసినట్టే ఉంది. ఇవాళ ఎవరో పైకి చదివారంతే.

అప్పుడు గుర్తొచ్చింది, కులసంఘం వాళ్ల మేడ మీద జరిగిన సభ. విల్లుల గురించి ఏ సందేహమున్నా అడగమని ఒక లాయరమ్మాయి వచ్చి కూర్చుంది. సూక్ హాన్ వెళ్లింది కాఫీలు అందించడానికే. ఒకాయన, మనిషి పోతే బ్యాంకులో డబ్బు మర్నాడే తీసుకోవచ్చా అన్నాడు. విల్లు ఉన్నా సరే, అది నిజమైనదేనని కోర్టు ప్రొబేట్ కాగితం ఇచ్చేదాకా ఆ ఖాతా కదలదంది ఆ పిల్ల. సూక్ హాన్ ట్రే కింద పెట్టి తనూ చెయ్యెత్తింది. అత్తగారి ఆస్తిలో కోడలికి ఏమొస్తుందమ్మా? ఆవిడ రాస్తే వస్తుంది అక్కా, రాయకపోతే ఏమీ రాదు. మరి సాక్షిగా ఎవరైనా ఉండొచ్చా అని ఇంకెవరో అడిగారు. ఆస్తి దక్కేవాళ్లు ఉండకూడదు, వాళ్ల భార్యగానీ భర్తగానీ అసలే ఉండకూడదు, విల్లు చెల్లుతుంది గానీ వాళ్ల వాటా గాల్లో కలిసిపోతుంది అని ఆ పిల్ల రెండుసార్లు చెప్పింది.

భార్యగానీ.

కలం ఇంకా చేతిలోనే ఉంది. కిక్కురుమనకుండా ఒక సంతకం గీకేసి వంటింట్లోకి వెళ్లిపోతే చాలు. "ఆ రోజు" వస్తుంది, కాగితం కోర్టుకెళుతుంది, కోక్ లియోంగ్‌కి షాపు రాదు. గోడలు కొలిచిన పెద్దమనిషికి మొహం ఎలా చూపిస్తాడో! ఆ ఊహ ఎంత రుచిగా ఉందంటే ఆమె చెయ్యి గీత మీదికి వెళ్లింది కూడా. కానీ షాపు మొగుడి చేజారినంత మాత్రాన తనకి వచ్చేదేముంది? మిగిలిన ఆస్తితో పాటు అదీ పూయ్ యీకే పోతుంది, ఆమె అయినా అమ్మేదే. పడగొట్టేది ఆ వంటింటినే. పైగా మళ్లీ నోరు మూసుకునే చేయాలి ఈ పనీ. నోరు మూసుకుని చేసిన పనులు చాలు.

కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"నేను సంతకం పెడితే ఆయనకి షాపు రాదు అత్తయ్యా. సాక్షి మొగుడికి వాటా చెల్లదు. మిగిలిందంతా పూయ్ యీకే రాశారుగా, అది కూడా అందులో కలిసి ఆమెకే పోతుంది."

"నాకా?" అంది పూయ్ యీ. కళ్లు మెరిశాయి, వెంటనే అన్నవైపు చూసి దించుకుంది.

కోక్ లియోంగ్ ఆ కాగితాన్ని సూక్ హాన్ ముందు నుంచి ఒక్క లాగు లాగాడు. "ఎవరు చెప్పారు నీకు? వద్దు, వద్దు, నువ్వు పెట్టొద్దు! అటు జరుగు! మాస్టారూ, నిజమేనా?"

"అలాంటిదేదో ఉందనే విన్నాను," అన్నాడు మాస్టారు. "నిన్ననే అడిగుంటే చెప్పేవాణ్ణి."

"ఒక్క సంతకమే కదా అన్నారు ఇందాక," అంది సూక్ హాన్.

మూడో బల్ల మనిషి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. ఆమె అటు చూడలేదు. కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. ఆ షాపులో పని మధ్యలో ఆమె కూర్చోవడం అత్తగారు ఎన్నడూ చూడలేదు.

"వాడిదంటే నీది అంటూ వచ్చారు ఇన్నేళ్లూ. చట్టం కూడా అలాగే అంటోంది చూశారా, పోగొట్టుకునేటప్పుడు మాత్రం! వచ్చేటప్పుడు కూడా అలాగే కావాలి నాకు. ఇంకో సాక్షి ముందు మీరు మళ్లీ సంతకం చేయాల్సిందే, ఎలాగూ కొత్త కాగితం రాయించాలి. షాపులో సగం నా పేరున రాయండి. నా సగం మీద నేను సంతకం చేయకుండా ఈయన ఒక్కడే అమ్మడానికి కుదరదు. రాయనంటారా, సరే. రేపటి నుంచి కాయా ఎవరు కలుపుతారో చూసుకోండి. నేను కలిపితే దాన్ని నింపి అమ్మే డబ్బా మీద నా పేరుండాలి, అమ్మిన డబ్బు నా ఖాతాలో పడాలి."

"అమ్మా, దీనికి పిచ్చెక్కింది," అన్నాడు కోక్ లియోంగ్.

అత్తగారు కొడుకువైపు చూడలేదు. కోడలి చేతుల వైపు చూస్తోంది, మోచేతుల దాకా మచ్చలున్న చేతుల వైపు. ఆవిడ చేతుల మీదా అలాంటివే ఉన్నాయి. ఎర్ర జాకెట్టు పొడుగు చేతులు వాటిని కప్పేశాయి.

"సగమా?" అంది చివరికి.

"సగమే అత్తయ్యా," అంది సూక్ హాన్. "మొత్తం అడగడం నాకింకా చేతకాలేదు."