సర్దేసిన ఇల్లు

లేబరు ఆఫీసరుని వెంటబెట్టుకుని వీధి మలుపు తిరగగానే కోడలి గుండె జారింది. వాకిళ్లన్నీ కడిగి ఉన్నాయి. ఎప్పుడూ గడప దాటి పొర్లే రబ్బరు తుక్కు ఒక్క ముక్క కూడా లేదు.

ఈ వీధి ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని చెప్పులకి పట్టీలు అతికిస్తారు. ఏజెంటు సంచులు దించిపోతాడు, అతికించినవి ఎత్తుకుపోతాడు. ఎవరైనా దగ్గి దగ్గి మంచమెక్కితే మాత్రం, వాళ్లెవరో నాకు తెలీదంటాడు. అందుకే కోడలు గడపగడపా ఎక్కి దిగి, బతిమాలి, తిట్లు తిని, అందరిచేతా అర్జీ పెట్టించింది. ఈ ఇళ్లలో పని జరుగుతోందని ఆఫీసరు కళ్లారా చూసి రాస్తే కార్మికులుగా కార్డులొస్తాయి, ఊపిరి పట్టేసినవాళ్లకి వైద్యం దొరుకుతుంది. ఆయన రావడానికి ఏడాది పట్టింది. మళ్లీ వస్తాడన్న ఆశ ఎవరికీ లేదు.

"రండి బాబూ, రండి," అంటూ అత్తగారు ఎదురొచ్చింది. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

ముందుగది అద్దంలా ఉంది. జిగురు డబ్బాలు లేవు, సంచులు లేవు. మంచం మీద ఉతికిన దుప్పటి నేలదాకా వేలాడుతోంది. దాని వెనకాల ఏమున్నాయో కోడలికి తెలుసు. జిగురు కంపు తెలియకూడదని గదంతా పౌడరు చల్లినట్టుంది. రెండూ కలిసి కుళ్లిన పూలబుట్టలా గుప్పుమంటున్నాయి.

ఆఫీసరు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"పనా! ఇంటిపట్టునే ఉంటాం బాబూ. ఏదో, ఖాళీగా ఉండలేక..."

ఆయన హాయిగా ఊపిరి వదిలి రాసుకున్నాడు. "పని ఆనవాళ్లు లేవు."

"అత్తయ్యా, ఖాళీ ఏమిటి?"

"నువ్వూరుకోవే. పెద్దమనిషి గుమ్మంలోకొస్తే చెత్తలో కూర్చోబెడతామా?"

"ఇంటి పెద్దావిడ చెప్పాక ఇంకేముందమ్మా," అని ఆఫీసరు కలం మూశాడు.

ఖాళీ. ఆ మాటంటేనే కోడలికి ఒళ్లు మంట. మొగుడూ అదే అంటాడు, ఏజెంటూ అదే అంటాడు. ఖాళీగా ఉన్నవాళ్ల వేళ్ల తోలు ఊడుతుందా? ఖాళీగా ఉన్నవాళ్ల అన్నం జిగురు కంపు కొడుతుందా?

"లేవండి సార్," అని దుప్పటి లాగేసింది.

సంచులు ఈడ్చి గది మధ్యన బోర్లించింది. తుక్కు ఎగిరి ఆయన ప్యాంటు మీద పడింది. డబ్బా మూత తీసేసరికి ఆయన గుమ్మంలోకి గెంతాడు.

"ఏమిటమ్మా ఇది! మనుషులుండే చోటేనా?"

"అదే రాయమంటున్నాం. ఇక్కడే తింటాం, ఇక్కడే పడుకుంటాం."

కూర్చుని, కోపంకొద్దీ జిగురు ముద్దలు ముద్దలుగా పులమసాగింది.

"పరువు తీశావు కదే!" అత్తగారు నెత్తి కొట్టుకుంది. కానీ ఆ పులమడం చూసి ఎంతోసేపు ఓర్చుకోలేకపోయింది. "అలాగేనా పూసేది? ఆరిపోతోంది, ఇటు పడెయ్!" కొంగు దోపుకుని చతికిలబడి, పట్టీ మీద పట్టీ బొటనవేలితో నొక్కుతూ పోయింది. మధ్యలో దగ్గు తెర వచ్చింది. ఒళ్లంతా ఊగిందేగానీ చేతులు ఆగలేదు.

"మీరూ చేస్తారా పెద్దమ్మా?"

"నేనా? అబ్బే, నేనేం చేస్తాను," అంటూ ఇంకోటి అతికించింది.

ఆఫీసరు ఆ చేతులకేసి చూశాడు. రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. కోడలు లేచి మెడ సాచి చదివింది. పని చేసేవారు, ఇద్దరు.

సంతోషం కలగలేదు. కంపు ముక్కు పగలగొడితేగానీ ఆయన కళ్లు తెరుచుకోలేదు. తనవాళ్లేమో ఆ ముక్కు నొచ్చుకుంటుందని పౌడరు చల్లారు. ఎవరిని చూసి ఎక్కువ రోత పుడుతోందో ఆమెకే తేలలేదు.

పక్కింటి వదిన అప్పుడే తన గుమ్మంలో నవ్వుతూ నిలబడింది. "రండి సార్, ఇల్లంతా ఇప్పుడే కడిగాను!"

కోడలు ఆఫీసరుని తోసుకుని వీధిలోకి పరిగెత్తింది.

"ఆ నవ్వు కట్టిపెట్టు వదినా! ముందు డబ్బాలు బయటికి తియ్యి!"