ఆయన చెప్పేదాకా

అక్కాతమ్ముళ్ళు పనిచేసే ఆ గోడౌన్లో పార్సిళ్ళ బెల్టును ఆపడానికి ఒక ఎర్ర బటన్ ఉంది. సూపర్‌వైజర్ నోటితో చెప్పేదాకా దాన్ని ఎవరూ నొక్కకూడదు. నొక్కితే ఉద్యోగం ఊడుతుంది. తమ్ముడి చొక్కా రోలర్లో చిక్కుకున్న రోజున ఆ పెద్దమనిషి ఫోనులో ఉన్నాడు. పదిమంది చేతులు కట్టుకుని ఆయన మాట కోసం ఎదురుచూశారు. ఆ పదిమందిలో అక్క కూడా ఉంది. ఆయన ఫోను పెట్టేసరికి తమ్ముడి కుడిచెయ్యి మోచేతి పైదాకా నుజ్జయిపోయింది.

ఆ తర్వాత కంపెనీకి ఉద్యోగుల మనసుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బరువులెత్తితే మనసు తేలికపడుతుందట! వెనకగదిలో జిమ్ము పెట్టి, షిఫ్టుకు ముందు అరగంట అందరూ ఎత్తాల్సిందే అన్నారు. సిగ్గులేకుండా తమ్ముడి ఎడంచేతికీ ఒక డంబెల్ అంటగట్టారు. ఆర్నెల్లలో అక్క భుజాలు గట్టిపడ్డాయి. నిద్ర మాత్రం పట్టలేదు. కళ్ళు మూస్తే రోలరే కనిపించేది.

ఆ సోమవారం సూపర్‌వైజర్ బెంచీ మీద వెల్లకిలా పడుకుని వంద కిలోలు ఎత్తుతానన్నాడు. ప్లేట్లు జారకుండా రాడ్డుకు రెండు వైపులా క్లిప్పులు బిగించుకున్నాడు. క్లిప్పులు లేకపోతే రాడ్డును ఓ పక్కకు వంచి, ప్లేట్లు జార్చేసి బయటపడొచ్చు. అంత జాగ్రత్త ఆయనకెందుకు? రాడ్డు జారితే అందుకోవడానికి తల దగ్గర కాపుగా నిలబడే వంతు అక్కది.

"నేను చెప్పేదాకా చెయ్యి పెట్టకు. ముట్టుకున్నావో, ఊరుకోను," అన్నాడు.

ఐదుసార్లు ఎత్తాడు. ఆరోసారి మోచేతులు వణికి, రాడ్డు జారి గొంతు మీద పడింది. మడమలు నేలను దబదబా బాదాయి. నోట్లోంచి మాట రాలేదు, గురక వచ్చింది. కొరుక్కున్న నాలుకనుంచి రక్తం చెంప మీదికి కారింది. దాచుకోవడమెందుకు, అక్కకు కడుపు నిండినంత సంతోషం వేసింది. చావు, అనుకుంది.

అలా అనుకుంటూ తలెత్తింది. గదిలో అందరూ చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఆ రోజు తానూ అలాగే నిలబడింది. తన మీద తనకే అసహ్యం పుట్టి రాడ్డును రెండు చేతులా పట్టి లాగింది. అంగుళం లేచింది. అంతలో దాని మీద ఒక ఎడంచెయ్యి పడింది. తమ్ముడు ఒళ్ళంతా మోపి కిందికి నొక్కుతున్నాడు.

"వదిలెయ్ అక్కా. ఆయన చెప్పలేదుగా."

"చచ్చిపోతాడ్రా! తప్పుకో!"

"నా చెయ్యి పోతుంటే చూస్తూ నిలబడ్డావుగా. ఇప్పుడూ నిలబడు."

ఆమె రాడ్డు వదిలి మోచేత్తో వాడి ముఖం మీద బలంకొద్దీ గుద్దింది. ముక్కు ఎముక పటుక్కుమంది. వాడు వెనక్కి విరుచుకుపడ్డాడు. గొంతు చించుకుని అరుస్తూ ఆమె మళ్ళీ రాడ్డు లాగింది. అప్పటికి జనానికి ప్రాణం వచ్చినట్టుంది, నలుగురు పరుగెత్తుకొచ్చి చెయ్యి వేశారు. సూపర్‌వైజర్ కిందికి దొర్లి, రక్తం కక్కి, ఈలలా ఊపిరి పీల్చాడు.

అందరూ ఆయన చుట్టూ మూగారు. ఎవరో అక్క భుజం తట్టి శభాష్ అన్నారు. ఆమె వాళ్ళను తోసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది.

"వాడి కోసం నన్ను కొట్టావు," అన్నాడు వాడు, నోట్లోకి కారుతున్న రక్తాన్ని ఉమ్మేస్తూ.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వాడు దాన్ని అందుకోలేదు. ఉన్న ఒక్క చెయ్యి నేలకానించి, రెండుసార్లు జారిపడి, మూడోసారికి లేచి వెళ్ళిపోయాడు.