రాతి మీది అంకెలు

లాకులు కాసే లస్కరు మెట్టు మీద బోర్లా పడుకొని, కుడిచేతిని మోచేతి దాకా చెరువులో ముంచి రాయిని తడుముతున్నాడు. చెరువు పాత పడవల కాలువలో కలిసేచోట, లాకుల పక్కన, నీటిమట్టం చెప్పే కొలతరాయి అది. పడవలు తిరిగిన రోజుల్లో ఎవరో అంకెల్ని ఉలితో లోతుగా చెక్కారు. ఆయన ఉద్యోగం నిలిచింది ఆ ఉలి పుణ్యానే. కళ్లకు పొగ కమ్మి రెండేళ్లయింది. అప్పట్నించీ వేళ్లతోనే చదువుతున్నాడు.

నిన్న, తనిఖీ వస్తోందని, రంగులవాళ్లు రాయికి మందంగా రెండు పూతలు పూసి, పైన నల్ల అంకెలు దిద్ది పోయారు. గాట్లన్నీ పూడిపోయాయి. నీళ్ల కిందున్న భాగానికి మాత్రం రంగు అంటలేదు. అక్కడ ఏడు దొరికింది. దాని మీద జానెడు నీళ్లు. ఏడుముప్పావు అడుగులు.

తడిసిన చొక్కా భార్య కంటబడింది. ఆవిడకి చెడే ముందు తోస్తుంది. కూతురి నర్సింగు చదువు ఆగిపోయినట్టు, క్వార్టరులోంచి సామాన్లు బయట పడేసినట్టు, ఈయన నీళ్లలో పడ్డట్టు, అన్నం వడ్డించేలోగా మూడూ ఊహించేసుకుంది. సాయంత్రం తానొచ్చి అంకె చూస్తానంది. తనిఖీవాళ్లు గట్టు మీదే ఉంటారు, పెళ్లాం చదివి చెబుతుంటే పసిగట్టరా అన్నాడు.

"పోనీ, కనబడట్లేదని చెప్పేయరాదూ?"

"చెప్పి ఎక్కడుంటాం? రిటైరవడానికి పదకొండు నెలలే, ఓర్చుకో."

"మీకు పదకొండు నెలలున్నాయని నీళ్లకేం తెలుసండీ?"

"నీ దడకి ఆ నీళ్లే వెనక్కి పారతాయి."

ఆవిడ పొడి చొక్కా తెచ్చి చేతికిచ్చింది.

మధ్యాహ్నం ఎగువన వాన పడింది. చెరువు చడీచప్పుడు లేకుండా ఉబ్బింది. వాన చూసి తనిఖీవాళ్లు రావడం మానుకున్నారు. ఆ కబురు ఆయనకెవరూ చెప్పలేదు. గట్టు ఖాళీగా ఉందని ఆయన కళ్లూ చెప్పలేదు.

నాలుగింటికి కింది లాకుల లస్కరు ఇక్కడి లాకుల గదికి ఫోను చేశాడు. ఇక్కడి మట్టం తెలిస్తే గానీ అక్కడ తలుపులు ఎంతెత్తాలో తేలదు. తప్పు చెబితే దిగువ ఇళ్లు మునుగుతాయి. చూసొస్తా, ఉండమని చెప్పి ఈయన బయటికి నడిచాడు.

మెట్టు మీద బోర్లా పడుకున్నాడు. మోచేతి దాకా ముంచాడు. రంగే. భుజం దాకా ముంచాడు. రంగే. ఇంకాస్త కిందికి, వేలికొసకి గాటు అంచు తగిలీ తగలనట్టు తగిలింది. ముందుకి జరిగాడు.

నీళ్లు పెద్దగా చప్పుడు చేయలేదు.

మనసు నిలవక భార్య పరుగున వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. రాయి మీద నీళ్ల అంచున తొమ్మిదిన్నర, నల్లగా, గట్టు మీదికే కనబడుతోంది.

లాకుల గదిలో, బల్ల మీద వెల్లకిలా పెట్టి ఉన్న రిసీవరు "ఎంతన్నా? ఎంతుంది?" అని అడుగుతూనే ఉంది.