మూతలో రెండు మాత్రలు

నేను ఒక స్టీలు ఫ్లాస్కును. గోదావరి గట్టున సిమెంటు బెంచీ మీద నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ప్రాణం పోయి అప్పటికే అరగంట దాటిందని తాతబ్బాయి కనుక్కునేసరికి, నా కడుపులో టీ ఇంకా నాలుక కాలేంత వేడిగా ఉంది.

తాతబ్బాయి ఇటుకల వ్యాపారి. రోజూ నడక అయ్యాక ఆ బెంచీ దగ్గర టీ తాగేవాళ్లలో ఒకడు. "ఏంటండీ గురువుగారూ, ఇవాళ టీ లేదా, మేం చేసుకున్న పాపమేంటండీ?" అంటూ వచ్చి భుజం తట్టాడు. భుజంతో పాటు మనిషే పక్కకి ఒరిగిపోయాడు. నేను కింద పడబోతే తాతబ్బాయి పట్టుకున్నాడు. కంగారులో ఏం చెయ్యాలో తోచక నా మూత తిప్పాడు. నోట్లో నీళ్లలా టీ పోద్దామనుకున్నాడో ఏమో! గుప్పున ఆవిరి కొట్టింది.

"బాబోయ్! టీ చూస్తే పొగలు కక్కుతోంది, ఈయన చూస్తే మంచుగడ్డలా ఉన్నాడండీ!" అని అరిచాడు.

నా పని నేను చేశాను మరి. ఒక ఫ్యాక్టరీలో రెండు స్టీలు గోడలు ఒకదానిలో ఒకటి పెట్టి అతికి, మధ్యలో గాలంతా లాగేసి నన్ను తయారు చేశారు. నా గోడల మధ్య ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం వల్లే వేడి బయటికి పోదు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్లుంటారని, బయటికి చల్లగా కనిపిస్తూ లోపల ఏళ్ల తరబడి కాగుతుంటారని గట్టు మీదికి వచ్చాకే తెలిసింది. నాకో లోపం కూడా ఉంది. గోడలు రెండు గాని, మూత ఒక్క పొరే. లోపలి సెగంతా మూతకే తగులుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

చనిపోయినాయన ముక్తేశ్వరరావు. డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యాడు. కిందటేడు గుండెనొప్పి వస్తే డాక్టరు రోజూ నడవమన్నాడు, నొప్పి అనిపించగానే నాలుక కింద పెట్టుకోమని మాత్రలు రాశాడు. నడక ఆయనకి బాగానే పట్టుబడింది. నడక కన్నా ఎక్కువగా, నడక తరవాత బెంచీ మీద కొలువు తీరడం పట్టుబడింది. కొలువుకి టీ కావాలి. గాజు ఫ్లాస్కులు రెండు పగిలాయి. అందుకని కార్తీకమాసంలో రాజమండ్రి మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టుకి వచ్చాడు. వెంట భీమలింగం ఉన్నాడు.

భీమలింగం ఆయన బళ్లో సహాధ్యాయి. ముప్పై అయిదేళ్లు మందుల షాపు కౌంటర్లో నిలబడ్డ మనిషి. వయసులో ఉండగా డాక్టరీ పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాడు. ఆ సంగతి ఊరంతా ఎప్పుడో మరిచిపోయింది, ముక్తేశ్వరరావు తప్ప.

కొట్లో ముక్తేశ్వరరావు ఒక్కో ఫ్లాస్కూ తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూతలు వాసన చూశాడు. వేడినీళ్లు పోయించి, పావుగంట కూర్చుని, వేలు ముంచాడు. నల్లది ఒకటి, పూలున్నది ఒకటి పక్కన పెట్టాడు. అప్పుడు భీమలింగం వెనక వరసలోంచి నన్ను తీశాడు.

"ఇది తీసుకో. మూతలో చిన్న అర ఉంది చూడు. పంచదార కోసం పెట్టింది. నీ మాత్రలు ఇందులో పెట్టేసుకో. జేబులో ఆ సీసా వేసుకుని తిరగడం నామోషీ అంటావు కదా?"

"ఒరేయ్ లింగం, మూడుసార్లు తప్పినా బుర్ర పనిచేస్తోందిరా నీకు!" అన్నాడు ముక్తేశ్వరరావు. కొట్టువాడు కూడా నవ్వాడు. భీమలింగం కూడా నవ్వాడు. నన్ను పట్టుకున్న వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

ఇద్దరూ ఇంటికి తీసుకెళ్తే ముక్తేశ్వరరావు భార్య సత్యవేణి నన్ను తోమి, అర తిప్పి చూసి, ఒక మంచి ప్రశ్న అడిగింది. ఆ ఇంట్లో ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే.

"అన్నయ్యగారూ, డాక్టరుగారు సీసాలోంచి తియ్యద్దన్నట్టు గుర్తండీ. ఇందులో పెట్టచ్చంటారా?"

భీమలింగం కాసేపు సీసా కేసి చూశాడు. "పెట్టచ్చమ్మా. ఏం పర్లేదు" అన్నాడు.

ఆవిడ రెండు మాత్రలు నా మూతలో పెట్టి బిగించింది. రోజూ తెల్లవారుజామున టీ పోసి, మూత చెవి దగ్గర ఊపి చూసేది. గలగలమంటే మాత్రలు ఉన్నట్టు.

ఇక గట్టు మీద కొలువు. నాకున్న కప్పు ఒక్కటే. అందరూ వంతులవారీగా తాగేవారు. మొదటి కప్పు ముక్తేశ్వరరావుది. తరవాత తాతబ్బాయి. తరవాత ఆ రోజు కొత్తగా ఎవరు తగిలితే వాళ్లు. ఆఖర్న నన్ను తలకిందులు చేసి, అడుగున మిగిలిన టీపొడి మడ్డి భీమలింగానికి.

"పుచ్చుకోండి డాక్టరుగారూ! అడుగు కషాయం ఆరోగ్యానికి మంచిది. మీరు రాసిన మందే!" కొత్తవాడెవడైనా ఉంటే అదనంగా పరిచయం ఉండేది. "మా డాక్టరుగారండీ. మూడుసార్లు తప్పారు. ఈయన మాట విని మందు పుచ్చుకున్నామంటే నేరుగా కోటిలింగాల రేవుకే!"

ఆ రేవులో ఊరి శవాలు కాలతాయి. అందరూ విరగబడి నవ్వేవారు. భీమలింగం మడ్డి తాగేసి, కప్పు కడిగి ఇచ్చేవాడు.

ఇలా కార్తీకం, మార్గశిరం, పుష్యం. రోజూ నా సెగ మూతకి తగులుతూనే ఉంది. మాత్రలు గలగలమంటూనే ఉన్నాయి.

మాఘంలో ఆ రోజు మంచు దట్టంగా ఉంది. ముక్తేశ్వరరావు సగం దూరం నడిచి ఆగాడు. ఎడమచెయ్యి లాగుతోంది కాబోలు, నన్ను కుడిచేతికి మార్చుకుని బెంచీ మీద కూలబడ్డాడు. తాతబ్బాయి వాళ్లు ఇంకా రాలేదు. మూతలో అర తిప్పాడు. ఒక మాత్ర నాలుక కింద పెట్టుకుని ఆగాడు. చెమటలు తగ్గలేదు. రెండోదీ పెట్టుకున్నాడు. సుద్దముక్క చప్పరించినట్టే అయింది.

పదిహేను అడుగుల దూరంలో ఒక జత తెల్ల కాన్వాసు బూట్లు అప్పటికే ఆగి ఉన్నాయి. ముక్తేశ్వరరావు వాటి వైపు చెయ్యి చాపి ఏదో ఒక్క మాట అన్నాడు. బూట్లు కాసేపు కదల్లేదు. తరవాత వెనక్కి తిరిగి మంచులోకి వెళ్లిపోయాయి. ఆ బూట్లెవరివో నాకు తెలుసు. కాని నాకున్న నోరు టీ పొయ్యడానికే.

శవంతో పాటు నన్నూ ఇంటికి తెచ్చారు. అర విప్పి చూస్తే ఖాళీ. అంతే, ముక్తేశ్వరరావు అక్క మాణిక్యాంబ అందుకుంది. "మాత్ర పెట్టలేదే నువ్వు! ఒక్క మాత్ర! అది కూడా చేతకాలేదుటే? నా తమ్ముణ్ణి ఖాళీ డబ్బా ఇచ్చి పంపావు కదే!"

"పెట్టానొదినా. ఊపి కూడా చూశాను" అంది సత్యవేణి.

"ఊపితే మరి ఏమయ్యాయి? వేసుకునుంటే బతికేవాడు కదా! ఎగిరిపోయాయా?"

పరామర్శకి వచ్చిన ప్రతి మనిషికీ మాణిక్యాంబ నన్ను చూపించింది. వాళ్లు నా మూత తిప్పి, లోపలికి తొంగిచూసి, సత్యవేణి కేసి చూసి, పెదవి విరిచి వెళ్లేవారు. నాలుగో రోజుకి సత్యవేణి "ఊపినట్టే గుర్తు" అంది. ఏడో రోజుకి "ఆ రోజు ఊపానో లేదో" అంది. పదో రోజుకి ఏమీ అనడం మానేసింది. అన్నం కూడా మానేసింది. వంటింట్లో కూర్చుని నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ ఉండేది. ఖాళీ మూత చప్పుడు చెయ్యదు కదా. భీమలింగం రోజూ వచ్చాడు, పందిరి వేయించాడు, కట్టెలు చూశాడు. ఇదంతా చూశాడు.

పన్నెండో రోజు దానాలప్పుడు మాణిక్యాంబ నన్ను తెచ్చి పురోహితుడి ముందు పడేసింది. "ఈ దరిద్రం కూడా పట్టుకుపోండి."

"ఫ్లాస్కు మాకెందుకమ్మా, రాగిచెంబు ఇచ్చారు, చాలు" అన్నాడాయన ఇబ్బందిగా.

సత్యవేణి లేచి వచ్చి నన్ను తీసుకుంది. వంటింట్లోకి వెళ్లి, పన్నెండు రోజుల తరవాత మొదటిసారి టీ పెట్టి నాలో పోసింది. వసారాలోకి వచ్చింది. కాన్వాసు బూట్లు గుమ్మం బయట ఉన్నాయి. భీమలింగం గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆవిడ కప్పు అంచు దాకా టీ పోసి ఆయన ముందు పెట్టింది.

"ఈ ఫ్లాస్కు మీరే ఉంచుకోండి అన్నయ్యగారూ. గట్టు మీద మీకు ఎప్పుడూ అడుగుదే పోసేవారట. ఇంటికొచ్చి చెప్పి నవ్వేవారు. వద్దండీ అలా అంటే వినేవారు కాదు. ఇవాళ మొదటి కప్పు మీదే." "మీకు మందుల సంగతి తెలుసు. మీరు చెప్తే నమ్ముతాను. నేను మాత్రలు పెట్టలేదాండీ? నేనే చంపుకున్నానా?"

మాణిక్యాంబ మెడ సాచి చూస్తోంది. భీమలింగం కప్పు పట్టుకున్నాడు. టీ తొణికి వేళ్ల మీద పడింది. చెయ్యి తియ్యలేదు.

"పెట్టావమ్మా. రెండూ ఉన్నాయి. రెండూ వేసుకున్నాడు. పదిహేనడుగుల దూరంలో నిలబడి చూశాను నేను. మాత్రలున్నాయి, వాటిలో మందే లేదు. వేడి తగిలితే ఆ మందు సత్తువ పోతుంది. అందుకే గాజుసీసాలో బిగించి ఇస్తారు. ముప్పై అయిదేళ్లు కౌంటర్లో ప్రతి మనిషికీ చెప్పిన ముక్క అది. నువ్వు అడిగితే చెప్పలేదు. ఈ ఫ్లాస్కు ఏరింది నేను. అర చూపించింది నేను. మూడు నెలలూ నా జేబులో మంచి మాత్రల సీసా ఉందమ్మా. ఒక్కరోజు, ఒక్కరోజు ఈ మొదటి కప్పు వాడు నా చేతిలో పెడితే, ఆ రోజే మాత్రలు మార్చేద్దాం అనుకున్నాను. పెట్టలేదు. ఆ పొద్దున కూడా సీసా జేబులోనే ఉంది. నా కేసి చెయ్యి చాపాడు. 'డాక్టరూ' అన్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి నవ్వకుండా అన్నాడమ్మా ఆ మాట. నేను జేబులో చెయ్యి పెట్టుకుని, వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయాను."