వంటిల్లు అని రాసిన పెట్టె

పురికొస మోకాళ్ల మీద కూర్చుని అట్టపెట్టె అడుగుకు రెండో వరస టేపు వేస్తున్నాడు. టేపును పళ్లతో కొరకడు, బొటనవేలి గోరుతో తెంపుతాడు. ఆ గోరు ఏనాడో చీలి, పసుపు రంగు తిరిగి, కొమ్ములా గట్టిపడింది. సామాన్లు తరలించే కంపెనీలో అందరూ అతన్ని పురికొస అనే అంటారు. మనిషీ అలాగే ఉంటాడు, సన్నగా, పీచుగా. ఒకసారి ముడి పడిందంటే విప్పుకోడు.

ఇల్లు చిన్నది. ఖాళీ చేస్తున్నావిడ ఇంట్లోనే టైపు పని చేసుకుని బతుకుతుంది. తనకంటూ ఎవరూ ఉన్నట్టు లేరు. పొద్దున్నుంచీ గదిగదికీ అతని వెనకే తిరుగుతోంది. చివరికి వంటింట్లో, పొయ్యి పక్కన బల్ల మీదున్న కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది.

"దీన్ని నిలబెట్టి కట్టకండి. పడుకోబెట్టాలి."

"తెలుసమ్మా."

"లోపల ఫ్యాను ఇంత లావుంటుంది. దాని బరువంతా బోర్డు మీదే. దారిలో కుదిపితే ఊడొచ్చేస్తుంది."

"పడుకోబెడతానన్నాగా."

"మీద ఏమీ పెట్టకూడదు."

"ఈగను కూడా వాలనివ్వను. సరేనా?"

ఆవిడ నవ్వలేదు. "నవ్వులాట కాదు పెద్దాయనా. వెళ్లే ఊళ్లో పుస్తకాల టైపు పని ఇస్తానన్నాయన సోమవారమే మొదలుపెట్టమన్నాడు. ఇది నడిస్తేనే నాకు పని. నడవకపోతే ఇంకొకళ్లని చూసుకుంటాడు."

పురికొస తలూపాడు. మర విప్పి పక్కరేకు తీశాడు. లోపల దుమ్ము మామూలు దుమ్ము కాదు, వంటింటి జిడ్డు పట్టి నల్లటి పేస్టులా అంటుకుంది. ఆవిడ ఫ్యానును రెండు వేళ్లతో పట్టుకుంది. అతను దాని చుట్టూ, కిందా స్పాంజి ముక్కలు కూరాడు. గట్టిగా కూరితే బోర్డు వంగుతుందని ఆవిడ చెప్పింది. అతను ఒక ముక్క తీసేశాడు. రేకు బిగించి, బుడగల కవరు చుట్టి, పెట్టెలో పడుకోబెట్టాడు. నాలుగు వైపులా కాగితం దట్టించాడు. పెట్టెను అటూ ఇటూ ఊపి చూశాడు. చప్పుడు లేదు.

ఏ పెట్టె ఏ గదిలోంచి వచ్చిందో మీద రాయడం కంపెనీ పద్ధతి. అవతలి ఊళ్లో దింపేవాళ్లు అడగకుండానే ఆ గదిలో పెట్టేస్తారు. అది అతని చెయ్యి మనసును అడగకుండా చేసే పని. లావు కలంతో 'వంటిల్లు' అని రాసి, గుమ్మం దగ్గరికి జరిపాడు. కూలీలు వచ్చి ఎత్తుకుపోయారు. అప్పటికి అతను పడగ్గదిలో అద్దం చుట్టూ దుప్పటి కడుతున్నాడు.

ఆవిడ బస్సుకు వెళ్లిపోయింది. కూలీలు అక్కడితో సరి. లారీ మీద ఇక మిగిలింది ఇద్దరే.

లారీ నడిపేది అతని బావమరిది, పోయిన భార్యకు సొంత తమ్ముడు. భార్య ఆయాసంతో కూలబడ్డ రోజు పురికొస అతనికి ఫోన్ చేశాడు. బండి ఊళ్లోనే ఉంది, బండిలో సామాను ఉంది. "దింపేసి వచ్చేస్తా బావా" అన్నాడు. దింపి వచ్చేసరికి ఆమె ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆ తర్వాత పురికొస అతనితో మాట్లాడలేదు. ఎత్తు, వదులు, జరుపు, అంతే. అతని చేత్తో టీ కూడా తాగలేదు. కంపెనీ ఇద్దరినీ ఒకే బండి మీద వేస్తే మార్చమని అడగలేదు. అడగాలంటే అతని పేరెత్తాలి. పైగా పక్కనే కూర్చుని ఏళ్ల తరబడి నోరు విప్పకపోవడాన్ని మించిన శిక్ష లేదని అతని నమ్మకం. ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు. రెండోవి అటకెక్కించేశాడు. ఇంటికెళ్లినా మాట్లాడేందుకు ఎవరూ లేరు కాబట్టి నోటికి అలవాటు తప్పింది కూడా.

బావమరిది నోరు మాత్రం ఊరుకోదు. జవాబు రాదని తెలిసీ వాగుతాడు.

"ఏం బావా, ఆవిడ కంప్యూటర్ పొయ్యి పక్కన పెట్టుకుందేంటి? టైపు కొడుతూ కూర కలుపుతుందా, కూర కలుపుతూ టైపు కొడుతుందా?"

పురికొస కిటికీలోంచి చూస్తున్నాడు. మధ్యాహ్నపు ఎండలో రోడ్డు తెల్లగా మెరుస్తోంది. కాసేపటికి పెట్టె మీద తను రాసిన మాట గుర్తొచ్చింది. వంటిల్లు. వంటింటి పెట్టెలంటే కూలీలకు గిన్నెలు, పెనాలు, ఇనుము. అడుగున వేస్తారు. వాటి మీదే ఆవిడ ఇనుప కుట్టుమిషను ఎక్కిస్తారు.

బండి ఒక గుంతలో పడి లేచింది. వెనక ఏదో ఇనుము దబ్బున మోగింది.

"ఆపు."

బావమరిది ఉలిక్కిపడ్డాడు. "ఒంటికా?"

"కాదు. కంప్యూటర్ అడుగున పడింది. తియ్యాలి."

"నడిరోడ్డు మీద లోడు విప్పుతామా? పొద్దుగూకేలోపు చేరాలి. దింపేటప్పుడు చూసుకుందాంలే బావా."

దింపేటప్పుడు. పురికొస మెడ తిప్పి, ఇన్నేళ్లలో మొదటిసారి, అతని ముఖంలోకి చూశాడు.

"నిన్ను అడుగుతున్నాను."

బావమరిది బండిని రోడ్డు వారకు దించాడు.

పరుపులు దింపారు, కుర్చీలు దింపారు, ఫ్రిజ్ దింపారు. కుట్టుమిషను దింపుతుంటే పురికొస కాళ్లు తడబడ్డాయి. అయినా వదల్లేదు. పెట్టె పైఅట్ట లోపలికి కుంగి ఉంది. ఒక మూల నలిగింది. విప్పి, రేకు తీసి, వేలితో ఫ్యానును తాకి చూశాడు. కదల్లేదు. స్పాంజి ఒక పక్క అణిగిపోయింది గానీ బోర్డు చక్కగానే ఉంది. మళ్లీ కట్టాడు. కడుతూ కడుతూ ఎడమచెయ్యి విదిలించాడు.

"ముఖం అలా పాలిపోయిందేంటి?" అన్నాడు బావమరిది. "పో, పోయి నీడకి కూర్చో. మిగతాది నేనెక్కిస్తా. సాయం చేస్తానని మీదపడ్డావంటే నిన్ను కూడా కట్టి అందులో పడేస్తా."

పురికొస దింపిన కుర్చీల్లో ఒకదాన్ని చెట్టు కిందికి లాక్కుని కూర్చున్నాడు. బావమరిది ఒంటరిగా అన్నీ ఎక్కించాడు. కూలీల్నీ, వాళ్లని కన్నవాళ్లనీ వదలకుండా తిట్టాడు. పని అయ్యాక చెయ్యి చాచాడు. పురికొస ఆ చెయ్యి అందుకోలేదు, తలుపు పట్టుకుని తనే ఎక్కాడు. పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు.

"కింద పెట్టుకో బావా. అంత బరువు ఎందాకా మోస్తావ్?"

"కుదుపు," అన్నాడు.

బండి కదిలింది. బావమరిదికి హుషారొచ్చింది. ఎంతైనా బావ నోరు తెరిచి తనను అడిగాడు కదా. టైర్ల గురించి, మేనేజరు బట్టతల గురించి, చిన్నప్పుడు అక్క తనను నీళ్లతొట్టిలో ముంచిన సంగతి గురించి చెప్పుకుపోయాడు. జవాబు రాలేదు. అది కొత్తేమీ కాదు. టీ కొట్టు దగ్గర ఆపి, "నీకూ చెప్పనా?" అని అడిగాడు. పురికొస కళ్లు మూసుకుని ఉన్నాడు. "నా టీ తాగవులే," అని తను మాత్రం తాగి వచ్చాడు.

పొద్దు వాలుతుండగా చేరారు. ఆవిడ వాకిట్లోనే నిలబడి ఉంది.

"బావా, దిగు. వచ్చేశాం."

భుజం పట్టి కదిపితే తల కిటికీ వైపు వాలింది. చేతులు మాత్రం పెట్టె చుట్టూ అలాగే ఉన్నాయి, వేళ్లు అడుగున అల్లుకుని. బావమరిది ఒక్కొక్క వేలూ విప్పాడు. పెట్టెను తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. అప్పుడు మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. గుండె ఆగి చాలాసేపయి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

సోమవారం ఆవిడ కంప్యూటర్ పెట్టింది. ఫ్యాను మునుపటిలాగే కాస్త గరగరలాడుతూ తిరిగింది. పుస్తకాల ఆయన మొదటి పేజీలు పంపాడు.

కర్మలన్నీ అయిపోయాక బావమరిది ఆవిడకు ఫోన్ చేశాడు. కంప్యూటర్ నడుస్తోందా అని అడిగాడు.

"నడుస్తోందన్నా." అంది ఆవిడ. "అడగకూడదనుకున్నా. ఒక కుర్చీ తక్కువొచ్చింది. నీలంది. పోతే పోయిందిలే."

పురికొస కట్టిన సామానులో ఎన్నడూ ఏదీ తక్కువ రాలేదు. బావమరిది ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ రోజు లోడు ఎక్కిస్తూ, పరుపుల సందులోంచి బావ కూర్చున్న వైపు తను ఎన్నిసార్లు చూశాడో గుర్తొచ్చింది.

రోడ్డు వారన, నీడ ఎప్పుడో జరిగిపోయిన చెట్టు కింద, నీలం ప్లాస్టిక్ కుర్చీ బండ్ల వైపు తిరిగి ఉంది, వెనక కాళ్లు రెండూ మట్టిలోకి కాస్త దిగబడి.