తగ్గించలేకపోయిన మలాము

నేను ఒక మలాము ట్యూబుని. ఫ్యాక్టరీలో నా కడుపు నింపి, తోక మడిచి, ‘దురద, తామర, సకల చర్మవ్యాధులకు’ అని వీపు మీద అచ్చు వేశారు. ఆ ‘సకల’ అన్న మాట చూసుకుని నేను తెగ మురిసిపోయాను.

తణుకులో భూలక్ష్మి నన్ను కొన్నది. ఉమ్మడి కుటుంబం కాబట్టి నాకు తీరికే ఉండేది కాదు. మామగారి కాలివేళ్ళు, మరిది మెడ, పక్కింటివాళ్ళ మోచేయి, అన్నిటికీ నేనే. మనుషులు ట్యూబుని తోక నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరికి అప్పడాల కర్రతో నొక్కితే గాని వదిలిపెట్టరు.

కొన్నాళ్ళకు భూలక్ష్మి తోడికోడలు మంగతాయారు నన్ను చాటుగా తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆమె ఎడమ చనుమొన మీద ఎరుపు, దురద, పొలుసులు. గడ్డ లేదు, నొప్పి లేదు. జాకెట్టు ఒరుసుకుని ఉంటుందిలే అని సర్దిచెప్పుకునేది. రాస్తే తగ్గినట్టే ఉండి మళ్ళీ చెమ్మ వచ్చేది. ఉన్న శక్తంతా ధారపోశాను గాని, ఆమె సిగ్గుకి మందు నా దగ్గర లేదు.

ఒకరోజు మామగారి కోసం భూలక్ష్మి నన్ను నొక్కితే గాలి తప్ప ఏమీ రాలేదు.

“సగం పైనే ఉండాలి గదా! ఎవరు రాసేసుకున్నారర్రా?”

“నేనే అక్కా.” మంగతాయారు తలుపు దగ్గరికి వేసి, హుక్కులు విప్పుతూనే ఏడ్చేసింది.

“ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావేంటే? పద ఆస్పత్రికి!”

నన్నూ సంచిలో వేసుకుంది.

“ఇదంతా రాసినా మానలేదా? ఒక్క పక్కేనా?” అని అడిగింది డాక్టరమ్మ. అవునన్నాక ఆవిడ ఇంకో మలాము రాయలేదు. చిన్న చర్మం ముక్క తీసి పరీక్షకు పంపింది, మామోగ్రామ్ తీయించింది. తేలింది పాజెట్ వ్యాధి. రొమ్ము క్యాన్సర్‌లో అరుదైన రకం, పైకి తామరలాగే కనిపిస్తుందట. లోపల ఎక్కువ పాకకముందే దొరికింది. ఆపరేషన్ చేశారు, తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. మంగతాయారు బతికింది.

నన్ను చెత్తలో వేయబోతే ఆమే ఆపి అద్దం బీరువాలో పెట్టుకుంది. నన్ను నొక్కి చూసిన భూలక్ష్మి బొటనవేలికి, ఇంకో మందు రాయని ఆ డాక్టరమ్మకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. నేను అయిపోవడమే మంచిదైంది.

మొన్న పక్కింటి వరహాలు వచ్చి, “మలాముందా పిన్నీ? చెప్పుకోలేని చోట దురద” అని గొణిగింది. మంగతాయారు నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది.

“ఖాళీగా ఉందేంటి పిన్నీ?”

“అదంతా నేనే రాసుకున్నానే. చెప్పులేసుకో, డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను.”