పదకొండు రోజుల ఇల్లు

నా ఇంటికి నిప్పు పెట్టిన రోజున దాని వయసు పదకొండు రోజులు. కప్పు మీది పేడ ఇంకా పచ్చిగా ఉండి అంటుకోలేదు. హోటల్ కాపలావాళ్లు లోపల దూరి, మా పడక మీది ఆవుతోలుకు నిప్పంటించారు.

టీచరు చదువు చదివినా మా మసాయి తెగలో కోడలు తన ఇల్లు తానే కట్టుకోవాలి. పుల్లలు వంచడం, పేడ మెత్తడం మా అత్త నూన్‌కిషు నేర్పింది. "ఉత్తరం గోడ పల్చగా మెత్తావే పిల్లా, చలికి నా కొడుకు చస్తాడు" అనేది. పొగ పోయే కంతలోంచి సరస్సు మీది ఫ్లెమింగోలు గులాబీ గీతలా కనిపించేవి. రోజూ తెల్లారగానే నా మొగుడు లేషాన్‌ని కుదిపి లేపి చూపించేదాన్ని. "నిన్నటివే కదే" అని విసుక్కుంటూనే చూసేవాడు.

ఆ రోజు పందొమ్మిది ఇళ్లూ కాలిపోయాయి. సరస్సు నీళ్లు చవుడు. ఒడ్డునున్న మంచినీటి ఊట ఒక్కటే మా ఆవులకు దిక్కు. అక్కడికి వచ్చే జీబ్రాలను హోటల్ గుడారాల్లోంచి దొరలు చూడాలట. మధ్యలో మా ఆవులు, మా గుడిసెలు కనపడకూడదట.

తుమ్మచెట్టు కింద అందరం కూడాం. పెద్దాయన ఒలె తిపిస్ తల ఎత్తలేదు.

"హోటల్ వాళ్లు కాగితం తెచ్చి, మేత గురించి అన్నారు. వేలిముద్ర వేశాం."

"ఈటెలు తీద్దాం!" కుర్రాళ్లు లేచారు.

"తియ్యండి. వాళ్ల తుపాకులు ఎదురు చూసేది దానికే" అన్నాడు లేషాన్.

నేను ఆ కాగితం అడిగి తీసుకుని పైకి చదివాను. 'పందొమ్మిది ఇళ్ల యజమానులు ఖాళీ చేయడానికి ఒప్పుకున్నారు.' కింద అన్నీ మగవాళ్ల పేర్లే.

మా అత్త పకపకా నవ్వింది. "యజమానులా? తిపిస్ బావా, ఎప్పుడైనా ఒక్క పుల్ల వంచావా? అక్క బయటికి గెంటితే దూడల దగ్గర పడుకోవాల్సినవాడివి! మా ఇళ్లు ఇచ్చెయ్యడానికి మీరెవరయ్యా?"

ఆయన ముద్ర వేసిన తన బొటనవేలు చూసుకున్నాడు. "తప్పే. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"పేడ మొయ్యండి."

మర్నాడు పొద్దున్నే ఊట పక్కన, గుడారాల ఎదురుగా కట్టడం మొదలుపెట్టాం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా మగవాళ్లు పేడ మోశారు. లేషాన్ గడ్డానికంతా పేడే. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికి ఒక ఇల్లు నిలబడింది. అప్పుడే పోలీసు లారీ వచ్చింది.

"ఈ ఇల్లు ఎవరిది?" అన్నాడు అధికారి.

"నాది" అంది మా అత్త, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మీ కాగితంలో నా వేలిముద్ర చూపించు, పోతాను."

పోలీసు తుపాకీ మడమతో ఆమె తల మీద కొట్టాడు. ఆమె పడిపోయింది. లేషాన్ ఒళ్లోకి తీసుకునేసరికే ఊపిరి లేదు. గుడారాల ముందు కెమెరాలు పట్టుకున్న దొరలు ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు.

"ఎవరిదీ ఇల్లు?" అధికారి మళ్లీ అరిచాడు.

ఆమె చేతిలోని పేడముద్ద నా చేతిలోకి తీసుకున్నాను. ఉత్తరం గోడ దగ్గరికి నడిచి మెత్తాను, మందంగా.

"నాది" అన్నాను.

"నాది" అంది తిపిస్ భార్య, నా పక్కకు వచ్చి.

"నాది."

"నాది."

ఒక్క గది ఇల్లు. పద్దెనిమిది మంది యజమానులం. మా అందర్నీ పట్టుకుపోవడానికి ఆ లారీ చాలలేదు.